పేచీ అంతా ఆ మూడంకెతోనే

సినిమా హాల్లో కాంటీన్ నడిపేవాడికి సినిమా ముందు చెవికి అందుతుంది, తర్వాతే కంటికి. మా తాడేపల్లిగూడెంలో నేను సమోసాలు సర్దుకుంటూ తలుపు అవతలి నవ్వుల్ని బట్టే బొమ్మ ఎన్నాళ్లుంటుందో అంచనా వేస్తాను. 2022 మే 27న వచ్చిన ‘ఎఫ్3’ దగ్గర నా అంచనా తేలలేదు. లోపల హాలు ఊగేలా నవ్వులు. ఇంటర్వెల్లో చూస్తే, టీ కప్పు పట్టుకున్న ఒకాయన “ఎఫ్2 అంత లేదండీ” అంటాడు. “మరి ఇందాక పడీపడీ నవ్విందెవరండీ?” అంటాడు పక్కనాయన.

2019 సంక్రాంతికి వచ్చిన ‘ఎఫ్2’కి ఇలాంటి పేచీ పెద్దగా లేదు. దిల్ రాజు నిర్మాత, అనిల్ రావిపూడి దర్శకుడు. తమన్నా, మెహ్రీన్ అక్కచెల్లెళ్లు. వెంకటేష్ పెద్దల్లుడు, వరుణ్ తేజ్ కాబోయే చిన్నల్లుడు. పెళ్లయిన మగాడి ఉక్కపోత, అత్తగారి పెత్తనం, అంతే కథ. ఆడవాళ్లనే సతాయించేవాళ్లుగా చూపించారని సణిగినవాళ్లు ఉన్నా, వాళ్లూ నవ్వారు. ప్రదీప్ అన్న ‘అంతేగా అంతేగా’ నా కౌంటర్ దాకా వచ్చింది. చిల్లర లేదంటే పిల్లలు అదే మాట అనేసి చాక్లెట్ పట్టుకుపోయేవారు.

మూడేళ్ల తర్వాత అదే పేర్లు, అవే ముఖాలు, కానీ కథ వేరు. ఈసారి గొడవ మొగుడూ పెళ్లాలది కాదు, డబ్బుది. ఉన్నవాళ్లమని నమ్మించి ఒకళ్లనొకళ్లు బురిడీ కొట్టించుకుంటారు. రెండో సగంలో మురళీ శర్మ వేసిన కోటీశ్వరుడికి తప్పిపోయిన కొడుకుని నేనంటే నేనని ఎగబడతారు. వెంకటేష్‌కి రేచీకటి, వరుణ్ తేజ్‌కి నత్తి. ఒకరి లోపం మీద నవ్వులేమిటని కొందరు ముఖం చిట్లించారు. టికెట్టు రేటు పెంచకుండా మామూలు ధరకే వదిలారు కాబట్టి, ఇంటిల్లిపాదీ వచ్చి మరీ పోట్లాడుకున్నారు.

మా ఇంట్లోనూ అంతే. అక్కది ఏలూరు. “ఎఫ్2లో మా ఇల్లు కనపడిందిరా. ఇందులో అందరూ దొంగలే” అంది. బావమరిది కైకలూరు పక్కన కొల్లేటి ఊళ్లో చెరువు కౌలుకి తీసుకుని చేపలు పెంచుతాడు. మేత అప్పు, కౌలు బాకీ, అన్నీ పట్టుబడి రోజునే తీరాలి; ఆలోగా తెల్లచొక్కా నలగకుండా తిరగాలి. “లేనప్పుడు ఉన్నట్టు కనపడ్డం మాకు కొత్తా బావా! నాకిదే బాగుంది” అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఎవరి బాధ తెర మీద కనపడితే వాళ్లకి ఆ నవ్వు ఎక్కువ.

నా మటుకు నాకు తగాదా కథతో కాదు, పేరులోని అంకెతో. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్వీ ప్రసాద్ 1955లో ‘మిస్సమ్మ’ తీశారు. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని బొంకిన ఇద్దరి కథ అది. 1959లో ఆయనే ‘అప్పుచేసి పప్పుకూడు’ తీస్తే, అది అప్పుల మీద దర్జా వెలగబెట్టే మనుషుల కథ. ఎన్టీఆర్, సావిత్రి, జమున రెండింట్లోనూ ఉన్నారు. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావూ ఉన్నారు. మా గూడెంలో తన పేరుతో హాలు కట్టించుకున్న రేలంగి సరేసరి. ఇంట్లోంచి డబ్బులోకి అప్పుడూ నడిచింది హాస్యం. కానీ రెండోదానికి ‘మిస్సమ్మ 2’ అని పేరు పెట్టలేదు కాబట్టి, ఆ ఇల్లేది, ఆ అద్దె కాపురమేదని ఎవరూ నిలదీయలేదు.

2025 సంక్రాంతికి అదే అనిల్ రావిపూడి, అదే వెంకటేష్, అదే దిల్ రాజు బ్యానర్ కలిసి ‘సంక్రాంతికి వస్తున్నాం’ తీసుకొచ్చారు. మళ్లీ పెళ్లాం పోరే. ఘనంగా ఆడింది. పేరు కొత్తది కావడంతో నా కౌంటర్ దగ్గర పాత లెక్కలు తీసినవాళ్లు తక్కువ. అంకె వేస్తే మొదటి రోజు హాలు నిండుతుంది, నిజమే. ఆ వచ్చినవాళ్లంతా పాత బాకీ వసూలుకొచ్చినవాళ్లని కూడా తెలుసుకుని మరీ వెయ్యాలి.