స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లో బ్రౌజర్ యాడ్-ఆన్‌లు: వాడుకను మెరుగుపరచడం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- యాడ్-ఆన్ అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
- యాడ్-ఆన్‌ను ఇన్‌స్టాల్ చేసే రెండు మార్గాలను పోల్చగలుగుతారు.
- భద్రత కోసం పెట్టిన కట్టడి యాడ్-ఆన్‌కు ఎలా అడ్డయిందో, దాన్ని ఎలా సరిదిద్దారో వివరించగలుగుతారు.

1. పరిచయం

బ్రౌజర్‌కు అదనపు సామర్థ్యాన్ని ఇచ్చే చిన్న ప్రోగ్రామును యాడ్-ఆన్ అంటారు. ప్రకటనలను ఆపేవి, పాస్‌వర్డ్‌లను నింపేవి, బ్రౌజర్ మెనూలను తెలుగులో చూపే భాషా ప్యాక్‌లు ఇందుకు ఉదాహరణలు. డెబియన్, ఉబుంటు వంటి స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఫైర్‌ఫాక్స్ ప్రధానమైన బ్రౌజర్. దాన్ని తయారుచేసేది మొజిల్లా. వాడుకరికి అందించేది ఆపరేటింగ్ సిస్టమ్. ఈ ఇద్దరి మధ్య బాధ్యత స్పష్టంగా లేనప్పుడు యాడ్-ఆన్ వాడేవారికి ఇబ్బందులు మొదలవుతాయి.

2. రెండు మార్గాలు

మొదటి మార్గం మొజిల్లా యాడ్-ఆన్‌ల సైటు. ఇక్కడ నుంచి తెచ్చుకున్న యాడ్-ఆన్ వాడుకరి ప్రొఫైల్‌లో చేరుతుంది. అడ్మినిస్ట్రేటర్ అనుమతి అవసరం లేదు. కొత్త వెర్షన్ రాగానే బ్రౌజరే దాన్ని తెచ్చుకుంటుంది. అయితే అది ఆ ప్రొఫైల్‌కే పరిమితం.

రెండవ మార్గం ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీ. డెబియన్‌లో యూబ్లాక్ ఆరిజిన్ వంటి యాడ్-ఆన్‌లు, ఫైర్‌ఫాక్స్ తెలుగు భాషా ప్యాక్ ఈ రూపంలో దొరుకుతాయి. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే ఆ కంప్యూటరును వాడే అందరికీ అందుతాయి. పదిమంది ఒకే కంప్యూటరును పంచుకునే చోట ఇది చాలా ఉపయోగకరం.

ఈ రెండవ మార్గానికి ఒక లోపం ఉంది. డెబియన్ స్థిర విడుదలలో చాలా ప్యాకేజీల వెర్షన్ మారదు. భద్రత దృష్ట్యా బ్రౌజర్ మాత్రం మారుతుంది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి యాడ్-ఆన్‌లకు మద్దతు తీసివేసి, వెబ్‌ఎక్స్‌టెన్షన్స్ పద్ధతిని మాత్రమే ఉంచింది. 2018లో డెబియన్ 9కు ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ 60 వచ్చినప్పుడు, అందులో ప్యాకేజీలుగా ఉన్న పాత యాడ్-ఆన్‌లు పనిచేయడం మానేశాయి. బ్రౌజర్‌ను మార్చకపోతే భద్రత పోతుంది, మారిస్తే యాడ్-ఆన్ పోతుంది. ఈ చిక్కు వాడుకరి తప్పు వల్ల వచ్చింది కాదు.

3. తొలి ప్రయత్నం: ఉబుంటు 7.10

అప్పట్లో ఫ్లాష్ వంటి ప్లగ్-ఇన్‌లు లేకుంటే చాలా వెబ్ పేజీలు సరిగా కనిపించేవి కావు. బ్రౌజర్ తనంతట తాను తెచ్చిన ప్లగ్-ఇన్ సంగతి ప్యాకేజీ మేనేజర్‌కు తెలియదు. కాబట్టి దానికి సిస్టమ్ అప్‌డేట్లు అందవు. 2007 అక్టోబరులో విడుదలైన ఉబుంటు 7.10లో, కావలసిన ప్లగ్-ఇన్‌ను ఉబుంటు భాండాగారం నుంచే వెతికి ప్యాకేజీగా ఇన్‌స్టాల్ చేసే ఏర్పాటు చేశారు. వాడుకరి బ్రౌజర్‌లోనే నొక్కుతాడు, పని మాత్రం ప్యాకేజీ మేనేజర్ చేస్తుంది. తరువాతి కాలంలో ప్లగ్-ఇన్‌లే కనుమరుగయ్యాయి. 2021 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 85తో ఫ్లాష్‌కు మద్దతు పూర్తిగా ముగిసింది. అయినా ఆ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన నేటికీ పనికివస్తుంది.

4. కట్టడి, వారధి: ఉబుంటు 22.04

కొన్ని యాడ్-ఆన్‌లు బ్రౌజర్ వెలుపల ఉన్న ప్రోగ్రాముతో మాట్లాడాలి. కీపాస్‌ఎక్స్‌సీ పాస్‌వర్డ్ మేనేజర్ ఇందుకు మంచి ఉదాహరణ. పాస్‌వర్డ్‌లు దాని ఫైలులో ఉంటాయి. యాడ్-ఆన్ వాటిని అడిగి లాగిన్ పేజీలో నింపుతుంది. ఈ సంభాషణ విధానాన్ని నేటివ్ మెసేజింగ్ అంటారు. ఏ యాడ్-ఆన్ ఏ ప్రోగ్రామును పిలవవచ్చో ముందుగానే ఒక చిన్న ఫైలులో రాసి ఉంటుంది.

2022 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 22.04 ఫైర్‌ఫాక్స్‌ను స్నాప్ రూపంలో అందించింది. స్నాప్‌లోని ప్రోగ్రాము ఒక కట్టడిలో నడుస్తుంది. బయటి ప్రోగ్రాములను స్వయంగా ప్రారంభించలేదు. దుష్ట సైటు నుంచి కంప్యూటరును కాపాడటానికి ఇది మంచిదే. కానీ అదే కట్టడి కీపాస్‌ఎక్స్‌సీ యాడ్-ఆన్‌ను, గ్నోమ్ డెస్క్‌టాప్ ఎక్స్‌టెన్షన్‌లను సైటు నుంచి ఇన్‌స్టాల్ చేసే యాడ్-ఆన్‌ను కూడా ఆపివేసింది. పాస్‌వర్డ్ మేనేజర్ పనిచేయనివారు అన్ని సైట్లకూ ఒకే తేలిక పాస్‌వర్డ్ పెట్టుకుంటే, భద్రత కోసం చేసిన మార్పు భద్రతనే తగ్గించినట్లవుతుంది.

దీనికి పరిష్కారంగా కట్టడిని తొలగించకుండా పోర్టల్ అనే వారధిని వాడారు. యాడ్-ఆన్ బయటి ప్రోగ్రామును కోరినప్పుడు పోర్టల్ వాడుకరిని అనుమతి అడుగుతుంది. అనుమతి ఇచ్చాకే ప్రోగ్రామును ప్రారంభిస్తుంది.

5. గ్రహించవలసిన సూత్రాలు

(అ) యాడ్-ఆన్ ఎక్కడ నుంచి వచ్చినా దాన్ని అప్‌డేట్ చేసే బాధ్యత ఒకరికే ఉండాలి, అది ఎవరిదో వాడుకరికి తెలియాలి.
(ఆ) బ్రౌజర్ వెర్షన్ మారే ముందు, ప్యాకేజీలుగా ఉన్న యాడ్-ఆన్‌లు దానితో పనిచేస్తాయో లేదో పరీక్షించాలి.
(ఇ) కట్టడి ఉన్న చోట, అడిగి తెరిచే ద్వారం కూడా ఉండాలి.
(ఈ) యాడ్-ఆన్ ఆగిపోతే కారణాన్ని వాడుకరికి అర్థమయ్యే మాటల్లో చూపాలి.

సారాంశం

యాడ్-ఆన్ అనుభవాన్ని మెరుగుపరచడం అంటే బటన్లను అందంగా తీర్చడం మాత్రమే కాదు. బ్రౌజర్, ఆపరేటింగ్ సిస్టమ్ తమ మధ్య పనిని స్పష్టంగా పంచుకోవడం, తుది అనుమతిని వాడుకరి చేతిలో ఉంచడం అందులో ముఖ్యమైనవి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నలుగురు వాడే కంప్యూటరులో తెలుగు భాషా ప్యాక్‌ను ఏ మార్గంలో ఇన్‌స్టాల్ చేస్తారు? ఎందుకు?
2. నేటివ్ మెసేజింగ్‌లో పోర్టల్ పాత్రను వివరించండి.