క్రొత్త యింట మరల కోళ్ల పెంపకము

మన శ్రీకాకుళము జిల్లాలో వంశధారపై హిరమండలము కడ జలాశయము కట్టబడినప్పుడు, ముంపు గ్రామములవారు క్రొత్త కాలనీలకు తరలిపోవలసివచ్చెను. ఇల్లు మారినప్పుడు పెరటికోళ్లు చెదరిపోవును. చేతిలో పైకము లేనివేళ ఆదుకొను ఆ సొత్తును మరల కూర్చుకొను విధమును చెప్పెదము.

మొదట గూడు, పిదప కోడి. నేలకు మూరెడెత్తున గూడు కట్టి, రాత్రులందు తలుపు మూసినయెడల ముంగిస, పిల్లి, కుక్కల భయము తగ్గును. సంతలో పెద్దకోళ్లను కొనరాదు. వానితో కొక్కెరతెగులు వచ్చెనేని కొలది దినములలోనే గూడు పాడగును. 1927 ప్రాంతమున రాణిఖేతులో గుర్తింపబడి, ఆ యూరి పేరనే పిలువబడుచున్న యీ వ్యాధికి మందు లేదు, టీకాయే రక్ష.

కావున తెగులెరుగని పొరుగింటి పొదుగుకోడిని రాత్రివేళ తెచ్చి, చీకటిచోట పది గ్రుడ్లపై కూర్చుండబెట్టుట మేలు. 21 దినములకు పిల్లలు వెలువడును. వానికి 7వ దినమున కంటిలో టీకాచుక్క వేయింపవలెను. నూకలతోపాటు చెదలును మంచి మేత. కుండలో పేడయు గడ్డియు నింపి, తడిపి, నేలపై బోర్లించిన చెదలు చేరును.

ఆరేడు మాసములకు పెట్టలు గ్రుడ్లు పెట్టసాగును. ఇది బడి విడిచిన పిదప బాలబాలికలు సైతము చేయదగిన పని.