గాలిలో కలిసిన రికార్డు

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి పోయే రహదారికి అటూ ఇటూ కర్మాగారాల పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆ దారిన రోజూ బడికి పోయే విద్యార్థికి గాలి ఎటు వీస్తున్నదో తెలుసుకోవడానికి వేరే సాధనం అక్కరలేదు. పొగ నిట్టనిలువుగా లేస్తే గాలి లేదన్నమాట. ఒక పక్కకు వాలితే గాలి ఉన్నదన్నమాట. కాని ఆ గాలి సెకండుకు 2 మీటర్ల వేగంతో వీస్తున్నదా, 2 మీటర్ల 10 సెంటీమీటర్ల వేగంతో వీస్తున్నదా అని అడిగితే ఏం చెప్పగలం? పొగను చూసి చెప్పలేం. చెంపకు తగిలే స్పర్శను బట్టి అంతకన్నా చెప్పలేం. సరిగ్గా ఈ 10 సెంటీమీటర్ల తేడాయే 2022వ సంవత్సరంలో ఒక తెలుగు యువతి చేతికి అందిన జాతీయ రికార్డును లెక్కకు రాకుండా చేసింది.

ఆమె యర్రాజి జ్యోతి. 1999లో విశాఖపట్నంలో జన్మించింది. తండ్రి కాపలాదారుగా పనిచేసేవాడు. తల్లి ఇళ్లలోను, ఆసుపత్రిలోను పనిచేసి సంసారాన్ని నడిపింది. పోర్టు హైస్కూలులో చదువుతున్న రోజులలో వ్యాయామోపాధ్యాయుడు ఆమె ఎత్తును గమనించి, హర్డిల్సు పందెానికి ఈ బాలిక తగునని గుర్తించాడు. 2016లో ఆమె హైదరాబాదులోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో చేరి ఎన్. రమేశ్ వద్ద శిక్షణ పొందింది. తరువాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ ఆమెకు శిక్షకుడయ్యాడు.

పందెం ఎటువంటిది?

స్త్రీల హర్డిల్సు పందెం 100 మీటర్ల దూరం. దారిలో పది అడ్డుకర్రలు ఉంటాయి. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. బయలుదేరే గీత నుంచి మొదటి కర్రకు 13 మీటర్లు. కర్రకూ కర్రకూ మధ్య 8.5 మీటర్లు, చివరి కర్ర నుంచి గమ్యానికి 10.5 మీటర్లు. రెండు కర్రల మధ్య మూడే అంగలు వేయాలి. అంగ కురచ అయితే కర్ర అందదు. మరీ పొడవయితే కర్రకు బాగా దగ్గరగా పోయి, ఎగరడానికి చోటు చాలదు. కనుక ఇది వేగానికి ఎంత పరీక్షో, కొలతకూ అంత పరీక్ష.

ఈ పందెంలో భారత జాతీయ రికార్డు 13.38 సెకండ్లు. ఒరిస్సాకు చెందిన అనురాధా బిశ్వాల్ 2002లో దానిని నెలకొల్పింది. ఇరవై సంవత్సరాలు అది చెక్కు చెదరలేదు.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత విశ్వవిద్యాలయాల పోటీలలో జ్యోతి 13.03 సెకండ్లలో పరుగు ముగించింది. అది పాత రికార్డు కన్న ఎంతో మెరుగు. అయినా లెక్కకు రాలేదు. రికార్డును గుర్తించాలంటే ఉత్ప్రేరక మందులు వాడలేదని తేల్చే పరీక్ష జరగాలి. క్రీడాసమాఖ్య నియమించిన సాంకేతిక అధికారి మైదానంలో ఉండాలి. అక్కడ ఆ ఏర్పాట్లు లేవు. 2022 ఏప్రిల్‌లో కేరళలో జరిగిన ఫెడరేషన్ కప్పు పోటీలలో ఆమె 13.09 సెకండ్లలో గెలిచింది. ఈసారి గాలి అడ్డు వచ్చింది. పరుగు సాగినంతసేపూ వెనుక నుంచి వీచిన గాలి వేగం సెకండుకు 2.1 మీటర్లు అని సాధనం చూపింది. నియమం అనుమతించేది 2.0 మీటర్లు మాత్రమే.

గాలి చేసే మేలు ఎంత?

సెకండుకు 2 మీటర్ల గాలి పెద్ద గాలి కాదు. వాతావరణ శాస్త్రజ్ఞులు వాడే బ్యూఫర్టు పట్టికలో సెకండుకు 1.6 నుంచి 3.3 మీటర్ల వరకు గల గాలి రెండవ అంతస్తులో ఉంటుంది. ముఖానికి చల్లగా తగులుతుంది, ఆకులు గలగలలాడతాయి. మనం పిల్లగాలి అనేది దీనినే. ఇంత చిన్న గాలి పరుగుకు నిజంగా సాయపడుతుందా?

పరుగెత్తేవారు గాలిని చీల్చుకొని పోవాలి. గాలి కలిగించే నిరోధం, గాలిని మనం ఎంత వేగంతో ఢీకొంటామో ఆ వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 100 మీటర్లను 13.09 సెకండ్లలో దాటితే సగటు వేగం సెకండుకు సుమారు 7.6 మీటర్లు. గాలి లేనప్పుడు 7.6 × 7.6 = 57.8. వెనుక నుంచి 2 మీటర్ల గాలి ఉంటే, గాలితో పోల్చినప్పుడు ఆమె వేగం 5.6 మీటర్లే, 5.6 × 5.6 = 31.4. అనగా ఆ పిల్లగాలి నిరోధాన్ని దాదాపు సగానికి తగ్గించివేస్తున్నది! నియమం ఎందుకు పెట్టారో ఈ లెక్క వల్ల తెలుస్తుంది. ఒకరు నిశ్చలమైన గాలిలోను, మరొకరు తోసే గాలిలోను పరుగెత్తితే వారి కాలాలను పక్కపక్కన పెట్టి చూడడం న్యాయం కాదు.

ఇక 2.1 మీటర్ల గాలి సంగతి చూద్దాం. 5.5 × 5.5 = 30.3. ముందు వచ్చిన 31.4 తో పోలిస్తే తేడా అత్యల్పం. 100 మీటర్ల పరుగులో 2 మీటర్ల వెనుకగాలి సుమారు సెకండులో పదవ వంతు మేలు చేస్తుందని అంచనా. ఆ లెక్కన అదనంగా వచ్చిన 10 సెంటీమీటర్ల గాలి ఇచ్చిన మేలు సెకండులో సుమారు రెండు వందలవ వంతు. పందెాల గడియారం చూపే అతి చిన్న కాలం సెకండులో నూరవ వంతు. అనగా జ్యోతికి దక్కిన అదనపు మేలు గడియారంలో ఒక్క అంకెకు కూడా సరిపోదు. మొత్తం 2.1 మీటర్ల గాలి చేసిన మేలును తీసివేసినా ఆమె కాలం 13.2 సెకండ్ల దగ్గర ఉండేది. పాత రికార్డు అప్పటికీ చెదిరేదే.

అయితే హర్డిల్సులో ఈ లెక్క ఇంత సూటిగా నడవదు. వెనుకగాలి అంగను పొడవు చేస్తుంది. కర్రల మధ్య దూరం మాత్రం మారదు. గాలి తోసినకొద్దీ పాదం కర్రకు చేరువవుతుంది. అలవాటైన అంగను ఆ క్షణంలోనే కుదించుకోలేనివారు కర్రను తన్నుకుంటారు. కనుక ఎంత గాలికి ఎంత మేలు అని ఒక్కొక్కరికి విడివిడిగా లెక్కగట్టి కాలంలో నుంచి తీసివేయడం సాధ్యం కాదు. అందువల్లనే ఒక హద్దు గీచి, దానికి ఇవతలిది చెల్లుతుంది, అవతలిది చెల్లదు అన్నారు.

కొలిచే పద్ధతి

గాలి వేగాన్ని కొలవడానికి కూడా కచ్చితమైన నియమాలున్నాయి. సాధనాన్ని మొదటి వరుస పక్కన, గమ్యానికి 50 మీటర్ల దూరంలో, నేలకు 1.22 మీటర్ల ఎత్తున ఉంచుతారు. ఎత్తు ఎందుకు చెప్పాలి? నేల రాపిడి వల్ల గాలి కింద మందగిస్తుంది. పైకి పోయినకొద్దీ వేగం హెచ్చుతుంది. పొగగొట్టం కొననుంచి వచ్చే పొగ బాగా వాలి ఉన్నా, కింద బడి ఆవరణలోని జెండా కదలకపోవడానికి కారణం ఇదే. వాతావరణ కేంద్రాలలో గాలిని సాధారణంగా 10 మీటర్ల ఎత్తున కొలుస్తారు. ఆ అంకె పరుగుపందెానికి పనికిరాదు.

హర్డిల్సు పందెంలో తుపాకి పేలిన క్షణం నుంచి 13 సెకండ్ల పాటు గాలిని కొలిచి సగటు తీస్తారు. వచ్చిన అంకెను తరువాతి పదవ వంతుకు పెంచి రాస్తారు. సాధనం 2.01 చూపినా 2.1 అనే రాయాలి. కాలం విషయంలోనూ ఇదే పద్ధతి: 13.081 సెకండ్లను 13.09 అని రాస్తారు. సందేహం వచ్చినప్పుడు దాని ఫలం రికార్డుకు దక్కకూడదన్నది ఇందులోని సూత్రం. జ్యోతి పరుగెత్తిన రోజున గాలి 2.0 ను ఏ కొద్దిగానో మించి ఉండవచ్చు, పూర్తిగా 2.1 అయినా ఉండవచ్చు.

ఈ తేడా ఎంత సూక్ష్మమో పాఠశాలలోనే పరీక్షించి చూడవచ్చు. మైదానంలో గాలి వీచే దిశగా 10 మీటర్ల దూరం కొలిచి రెండు గీతలు గీయండి. మొదటి గీత వద్ద ఒక విద్యార్థి బల్ల మీద నిలబడి జిల్లేడు కాయలోని దూదిగింజను వదలాలి. అది రెండవ గీతను దాటడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో మరొకరు చూడాలి. 5 సెకండ్లు పడితే గాలి వేగం 2 మీటర్లు. 2.1 మీటర్ల గాలి అయితే సుమారు 4.76 సెకండ్లు పడుతుంది. తేడా పావు సెకండు కూడా లేదు. కంటితో చూచి గడియారం మీట నొక్కడానికే మనిషికి దాదాపు అంతసేపు పడుతుంది! పదిసార్లు చేసి సగటు తీస్తే గాని ఫలితాన్ని నమ్మడానికి వీలుండదు.

పందెం వేరు, రికార్డు వేరు

గాలి హద్దు మీరినా పందెం చెల్లుతుంది. ఎందుకంటే అందరూ ఒకే గాలిలో పరుగెత్తారు; ముందు వచ్చినవారే విజేత. చెల్లనిది కాలం మాత్రమే. ప్రపంచ రికార్డు వంటి గొప్ప విషయంలోనూ ఇదే న్యాయం. 2022 జులైలో అమెరికాలోని యూజీన్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో నైజీరియా యువతి టోబి అముసాన్ సెమీఫైనల్లో 12.12 సెకండ్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే రోజున ఫైనల్లో 12.06 సెకండ్లలో గెలిచింది. బంగారు పతకం ఆమెదే. కాని గాలి 2.5 మీటర్లు ఉన్నందువల్ల రికార్డు మాత్రం 12.12 గానే నిలిచింది.

కాలాన్ని రికార్డుగా అసలే లెక్కించని క్రీడలు కూడా ఉన్నాయి. కాళ్లకు పొడవైన పలకలు కట్టుకొని మంచు మీద మైళ్ల దూరం సాగే స్కీ పందెం అటువంటిది. స్వీడన్‌కు చెందిన షార్లొట్ కల్లా 2010 నుంచి 2018 వరకు మూడు ఒలింపిక్ క్రీడలలో కలిపి 3 బంగారు, 6 వెండి పతకాలు గెలిచింది. అయినా ఆమె పేర 10 కిలోమీటర్ల ప్రపంచ రికార్డు లేదు. ఏ రెండు దారుల ఎత్తుపల్లాలూ ఒకటి కావు; నిన్నటి మంచు నేటి మంచు కాదు. అక్కడ తోటివారే కొలబద్ద. పరుగుపందెంలో మాత్రం ఇరవై ఏళ్ల క్రిందటి అనురాధతో నేటి జ్యోతి పోటీపడగలదు. గాలిని కొలవడం వల్లనే ఇది సాధ్యమవుతున్నది.

కేరళ పోటీల తరువాత నెల రోజులకే, 2022 మే 10న, సైప్రస్‌లోని లిమాసోల్‌లో జ్యోతి 13.23 సెకండ్లలో పరుగు ముగించింది. ఆనాడు సాయపడే గాలి లేదు సరిగదా, సెకండుకు 10 సెంటీమీటర్ల ఎదురుగాలి ఉన్నది. ఇరవై ఏళ్ల రికార్డు పోయింది. ముందు మనం వేసిన 13.2 అంచనాకు ఈ అంకె ఎంత దగ్గరగా ఉన్నదో గమనించదగినది. ఆ నెలలోనే ఆమె రికార్డును 13.11 కు, తరువాత 13.04 కు దించింది. అక్టోబరులో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడలలో 12.79 వచ్చింది. మళ్లీ గాలి హద్దు మీరింది; ఈసారి 2.5 మీటర్లు. కొద్ది రోజులకే బెంగుళూరులో, అనుమతి గల గాలిలో, 12.82 సెకండ్లలో పరుగెత్తి 13 సెకండ్ల లోపు ఈ పందెం ముగించిన తొలి భారతీయ వనితగా నిలిచింది.

2023లో ఆసియా పోటీలలో బంగారు పతకం, ఆసియా క్రీడలలో వెండి పతకం సాధించింది. ఆ సంవత్సరమే చైనాలోని చెంగ్డూలో 12.78 సెకండ్లకు రికార్డును చేర్చింది. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఈ పందెంలో పాల్గొన్న తొలి భారతీయురాలయింది. అక్కడ 13.16, 13.17 సెకండ్లు మాత్రమే రావడంతో ముందుకు పోలేకపోయింది. 2025లో కొరియాలోని గుమిలో 12.96 సెకండ్లతో ఆసియా బంగారు పతకాన్ని నిలుపుకొన్నది.

పిల్లగాలి కన్న మించని గాలి రెండుసార్లు ఆమె రికార్డును కాదన్నది. నియమం కఠినమైనదే. కాని అంత కఠినంగా కొలిచినందువల్లనే, తరువాత వచ్చిన 13.23 ను చూచి ఇది గాలి చలవ అని ఎవరూ అనలేకపోయారు.