ఏకాంత ఖైదునకు గడువేది?

1860లో తెల్లదొరలు మనకు వ్రాసియిచ్చిన శిక్షాస్మృతి 2024 జూలై 1వ తేదీతో తొలగినది. భారతీయ న్యాయసంహిత దాని స్థానము నాక్రమించినది. దాస్యచిహ్నములను తుడిచివేయుటయే దీని యుద్దేశమని ఏలినవారు సెలవిచ్చిరి. మేమును సంతోషించితిమి. కొన్ని చిన్న నేరములకు సమాజసేవను శిక్షగా చేర్చుట మెచ్చదగినదే. కాని గ్రంథమును తిరుగవేయుచు 11, 12 సెక్షనుల కడకు వచ్చునప్పటికి మా సంతోషము చల్లబడినది. పాత స్మృతిలోని 73, 74 సెక్షనులే, ఒక్క దినమైనను తగ్గక, అచ్చట దర్శనమిచ్చినవి. అవి ఏకాంత ఖైదును గూర్చినవి. ఈ శిక్షకు కాలము చెల్లినదనియు, దీనిని తీసివేయవలెననియు లా కమిషన్ 1971లోనే తన 42వ నివేదికలో చెప్పియుండెను. అర్ధశతాబ్దము గడచినను ఆ మాట చెవిబడలేదు.

న్యాయాధిపతి విధించు ఏకాంత ఖైదునకు లెక్క యొకటి కలదు. ఆరు నెలలకు మించని కఠినశిక్షలో ఒక నెల, ఏడాదికి మించనిదానిలో రెండు నెలలు, అంతకు పైబడినదానిలో మూడు నెలలు. ఒక్క పర్యాయము పదునాలుగు దినములకు మించరాదు. మూడు నెలలు దాటిన శిక్షలో నెలకు ఏడు దినములకు మించరాదు. నిజమునకు నేటి న్యాయస్థానములు ఈ శిక్షను విధించుట మిక్కిలి యరుదు. కావున ఈ రెండు సెక్షనులు సిగ్గుచేటే గాని, ఖైదీకి కలుగు అసలు కీడు వేరొకచోట నున్నది.

అది 1894 నాటి ప్రిజన్సు చట్టములో నున్నది. దాని 46వ సెక్షను ననుసరించి కారాగారములో తప్పు చేసిన ఖైదీని సూపరింటెండెంటే పదునాలుగు దినములు కొట్టులో మూయింపవచ్చును. ఇతరులతో మాటలాడనీయక మూడు నెలలు వేరుగా నుంచవచ్చును. ఈ రెండవదానిలో నెల దాటినచో ఇన్‌స్పెక్టరు జనరల్ అనుమతి కావలెను. ఫిర్యాది యెవరు? జైలు. విచారించువా రెవరు? జైలు. తీర్పు చెప్పువా రెవరు? అదియు జైలే. దీనినైనను కొంత సహింపవచ్చును, దినముల లెక్క యున్నది గనుక. “భద్రత కొరకు” అను పేరిట నొకనిని వేరుచేసినపుడు, అది శిక్ష కాదందురు. శిక్ష కానిదానికి గడువేల యందురు. ఆ విధముగా గడచిన దినములు సంవత్సరము లగును.

మన తెలుగువాడు, అమలాపురమునకు చెందిన ప్రొఫెసర్ జి. ఎన్. సాయిబాబా సంగతి పాఠకు లెరుగుదురు. చక్రముల కుర్చీ లేనిదే కదలలేని మనిషి. 2017 మార్చిలో యావజ్జీవ శిక్ష పడి, నాగపూరు కేంద్ర కారాగారములోని “అండా సెల్” అను కట్టుదిట్టమైన విభాగమున నుంచబడెను. బొంబాయి హైకోర్టు 2022 అక్టోబరులో ఒకసారియు, ఆ తీర్పును సుప్రీంకోర్టు త్రోసిపుచ్చి మరల విచారింపుమనగా 2024 మార్చి 5న మరియొకసారియు నిర్దోషి యని తీర్పు చెప్పినది. అదే సంవత్సరము అక్టోబరు 12న హైదరాబాదులో ఆయన కన్నుమూసెను. ఆయన రాజకీయాభిప్రాయములతో మాకు నిమిత్తము లేదు. నిర్దోషి యని తేలిన వానికి ఆ కొట్టులో గడచిన దినములను మరల నిచ్చు న్యాయస్థాన మేది?

ఈ పద్ధతి మన దేశమున పుట్టినది కాదు. ఒంటరితనమున పాపికి పశ్చాత్తాపము కలుగునని 1829లో ఫిలడెల్ఫియా నగరమున గొప్ప బందిఖానా తెరచిరి. 1842లో దానిని చూచిన నవలాకారుడు డికెన్సు, మనస్సును మెల్లమెల్లగా హింసించుట దేహమును హింసించుటకంటె ఘోరమని ఖండించెను. ఆ యంత్రమునే ఆంగ్లేయులు అండమానులో నెలకొల్పిరి. 1906లో పూర్తియైన ఆ సెల్యులర్ జైలులో ఉల్లాసకర దత్తు మతి చలించినది. కాకినాడ బాంబు కేసున శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వంటి మనవారును ఆ గోడలను చూచినవారే. కౌటిల్యుని కాలమున కారాగారములు లేకపోలేదు. కాని బందీ నిద్రకు, కూర్చుండుటకు, భోజనమునకు అడ్డు తగిలిన అధికారికి అర్థశాస్త్రము జరిమానా విధించినది. స్వదేశీ న్యాయము కావలెనన్నవారు ఆ ప్రకరణము నొకసారి తిరుగవేసిన బాగుండును.

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతపు పాఠకులకు ఇది దూరపు వార్త కాదు. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడువరకు ఈ సీమ కర్నూలుతో కలసియుండెను. ఆ కర్నూలు బిడ్డయే గాడిచర్ల హరిసర్వోత్తమరావు; “స్వరాజ్య” పత్రికలో వ్రాసిన వ్రాతకు 1908లో రాజద్రోహ నేరము మోపబడి మూడేండ్లు కఠిన కారాగారవాస మనుభవించెను. నేడు పొలము గట్టు తగాదాతోనో, ఎన్నికల కొట్లాటతోనో జైలుకు పోవువాడు మన యూరివాడే కావచ్చును. వానిని ఒంగోలునకో, నెల్లూరు, కడప కేంద్ర కారాగారములకో తీసికొనిపోయినపుడు, పలకల గనిలో దినకూలి చేయు భార్య కూలి మానుకొని, బస్సు చార్జీ పెట్టుకొని చూడబోవలెను. వాడు ఒంటరి కొట్టులో నున్నాడా, ఎంతకాల మున్నాడని ఆమెకు చెప్పువా రెవరు?

జైలు అధికారులు దీనికి చెప్పు బదులును మేము త్రోసివేయము. కక్షలున్న సీమలో కొందరిని వేరుగా నుంచకున్న ప్రాణములు పోవును. మనకు పొరుగుననే యున్న కోయిలకుంట్ల సబ్‌జైలులో 1977 మే 5వ తేదీ రాత్రి ప్రత్యర్థులు చొరబడి బాంబులు విసరగా, విచారణ ఖైదీలైన తండ్రికొడుకులలో తండ్రి చనిపోయెను. కాపలా పెంచుడని వారు ముందే మొర పెట్టుకొనియుండిరి. నష్టపరిహార మిచ్చు బాధ్యత ప్రభుత్వముదేనని 2000లో సుప్రీంకోర్టు తీర్మానించినది. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రము 2021లో చట్టము చేసి ఏకాంత ఖైదును వరుసగా పదునైదు దినములకు కుదింపగా, తమకు రక్షణ తగ్గినదని కాపలాదారులు 2025 ఫిబ్రవరిలో సమ్మె కట్టిరి. వారి భయము బూటక మనలేము. కాని కాపాడుటకు వేరు చేయుట యొకటి, మనుష్యుని ముఖము చూడనీయక మూయుట యొకటి. శత్రువునుండి వేరుచేసినవానికి మాటలాడ నొక తోటివాడుండిన భద్రత కేమి లోటు? కోయిలకుంట్లలో కొరవడినది కాపలా, ఒంటరితనము కాదు.

న్యాయము చెప్పవలసినవారు చెప్పియే యున్నారు. శిక్ష పడినంత మాత్రమున ప్రాథమిక హక్కులన్నియు పోవని సుప్రీంకోర్టు 1974లో చెప్పినది విశాఖపట్టణపు జైలులోని ఖైదీల వ్యాజ్యమునందే. ఉరిశిక్ష పడినవానిని జైలు తనంత తాను ఏకాంతమున నుంచరాదని 1978లో సునీల్ బాత్రా కేసున తీర్మానించినది. 1979 డిసెంబరులో మరియొక అడుగు ముందుకు వేసి, సెషన్సు జడ్జి పరిశీలన లేనిదే ఎవ్వరిని ఒంటరి కొట్టున నుంచరాదనియు, తొందర యున్నచో రెండు దినములలో తెలుపవలెననియు ఆజ్ఞాపించినది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమములు పదునైదు దినములు దాటిన ఏకాంతమును నిషేధించినవి.

కారాగారములు రాజ్యాంగము ప్రకారము రాష్ట్రముల వశములోనివి. కావున ఢిల్లీ వంక చూడ బనిలేదు. అమరావతిలోని శాసనసభ చేయగల పని యిది. ఏ పేరు పెట్టినను సరే, రోజుకు ఇరువదిరెండు గంటలు ఒంటరిగా నుంచుట ఏకాంత ఖైదేయని చట్టమున వ్రాయవలెను. పదునైదు దినములు దానికి తుదిగడువు కావలెను. మతిస్థిమితము లేనివారిని, వికలాంగులను, గర్భిణులను ఆ కొట్టుల దరి చేర్చరాదు. కారణమును తెలుగున వ్రాసి ఖైదీకొక ప్రతి, ఇంటివారికొక ప్రతి యియ్యవలెను. మూడవ ప్రతి రెండు దినములలో సెషన్సు జడ్జి బల్లమీద నుండవలెను. ఇంతకంటె ముందుగా, నేడు రాష్ట్రములోని ఏ కారాగారమున నెందరు ఒంటరిగా నున్నారో, ఎన్ని దినములనుండి యున్నారో, ఆ పట్టికను రాబోవు సమావేశములలో సభ ముందుంచుమని మన శాసనసభ్యులు హోంమంత్రి నడుగుదురు గాక.