ఇనుప కవచం ధరించిన నత్త

హిందూ మహాసముద్రంలో, సూర్యరశ్మి ఏనాడూ సోకని లోతులలో, ఒక విచిత్రమైన నత్త నివసిస్తున్నది. దాని పాదం చుట్టూ పొలుసులు, పైన గుల్ల. రెండింటిపైనా ఐరన్ సల్ఫైడ్ పూత. ఈ పదార్థాన్ని కవచంగా ధరించిన జీవి నేటి జంతుజాలంలో మరొకటి తెలియదు.

2001లో కనుగొన్న ఈ నత్తకు 2015లో ‘క్రైసోమాలోన్ స్క్వామిఫెరమ్’ అని శాస్త్రీయంగా నామకరణం జరిగింది. ఇది మొలస్కా విభాగంలో, ఉదరపాదుల తరగతిలో, పెల్టోస్పైరిడే కుటుంబానికి చెందుతుంది.

దీని నివాసం సముద్రగర్భంలోని వేడినీటి బిలాల చెంత. నేల పగుళ్ళలోకి దిగిన సముద్రజలం భూగర్భతాపానికి మరిగి, శిలలలోని ఇనుము, రాగి, జింకులను కరిగించుకొని, హైడ్రోజన్ సల్ఫైడుతో సహా పైకి చిమ్ముతుంది. నత్త ఆహారం కోసం వెదకదు. దాని అన్నవాహికకు చేరిన గ్రంథిలోని బాక్టీరియా ఆ రసాయనాల నుండి శక్తిని గ్రహించి దానిని పోషిస్తుంది.

మరి కవచం ఎట్లా ఏర్పడుతుంది? 2019లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, నత్త తన పొలుసులలోని సూక్ష్మనాళాల ద్వారా గంధకాన్ని వెలుపలికి పంపుతుంది. నీటిలోని ఇనుము దానితో సంయోగం చెందుతుంది. కనుకనే ఇనుము తక్కువగా ఉన్న సోలిటేర్ బిలం వద్ద ఇదే జాతి నత్తల పొలుసులు తెల్లగా ఉంటాయి.

2019 నాటికి దీని ఉనికి మూడు చోట్లనే తెలుసు: మధ్య హిందూ మహాసముద్ర శిఖరశ్రేణిపై కైరేయి, సోలిటేర్, నైరుతి శ్రేణిపై లాంగ్‌చీ. అటుపిమ్మట ఇదే మహాసముద్రంలో మరికొన్ని బిలాల వద్ద కనిపించినా, ఒక్కొక్క ఆవాసం మిక్కిలి చిన్నది, ఒకదానికొకటి బహుదూరం.

నత్తకు నీడనిచ్చిన ఆ బిలాల చుట్టూ పేరుకొన్న లోహ ఖనిజాలే నేడు దానికి ముప్పు తెచ్చాయి. లాంగ్‌చీ ప్రాంతంలో చైనాకు, కైరేయి ప్రాంతంలో జర్మనీకి అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థ ఖనిజాన్వేషణకు అనుమతి ఇచ్చింది. భారతదేశం కూడా ఇదే మహాసముద్రంలో సల్ఫైడ్ ఖనిజాల అన్వేషణకు 2016లో ఒప్పందం చేసుకొన్నది. ఇవి అన్వేషణకు ఇచ్చిన అనుమతులే గాని తవ్వకానికి కావు. అయినా, తవ్వకమే జరిగితే బిలాలు ధ్వంసం కావచ్చు, లేచిన మట్టి నత్తలను కప్పివేయవచ్చు. ఈ కారణం చేతనే 2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీనిని ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. సముద్రగర్భ ఖనిజ తవ్వకం ముప్పు కారణంగా ఆ జాబితాకెక్కిన మొదటి జీవి ఇదే.

లోహాలు మనకూ అవసరమే. కాని రాగి, జింకు ఇతర చోట్ల కూడా లభిస్తాయి. ఈ నత్తకు మాత్రం ఆ కొద్ది బిలాలు తప్ప వేరొక ఆశ్రయం లేదు. యంత్రాలు దిగకముందే, జీవంతో కళకళలాడే బిలాలను తవ్వకానికి అతీతంగా ప్రకటించడం వివేకం.