శ్రమదానంలో సంగ్రహవస్తువులు: భిన్న మతాల యువతను కలిపిన ఒక మార్గం

అంగుత్తర నికాయంలో ఆళవి నగరవాసియైన హత్థక ఉపాసకుని ప్రస్తావన ఉన్నది. ఇంత పెద్ద పరిషత్తును ఏ విధంగా కలిపి ఉంచుతున్నావని బుద్ధ భగవానుడు ప్రశ్నించగా, నాలుగు సంగ్రహవస్తువుల చేతనే అని అతడు విన్నవించాడు. అవి దానం, ప్రియవచనం, అర్థచర్య, సమానత్తత. పాళిలో ‘సంగహ’ అనగా చేరదీయడం, కలిపి నిలపడం. ఈ నాలుగింటిని మనం సాధారణంగా గృహస్థనీతిగానే వ్యాఖ్యానిస్తాము. భిన్న మతాల యువతీయువకులను ఒక గ్రామకార్యంలో కలపడానికి కూడా ఇవి ఉపకరిస్తాయని శ్రీలంకలోని సర్వోదయ శ్రమదాన ఉద్యమ చరిత్ర చూపుతున్నది.

1958 మే నెలలో ఆ దేశం సింహళ, తమిళ వర్గాల మధ్య చెలరేగిన ఘోర హింసను చవిచూసింది. అదే ఏడాది చివరలో కొలంబోలోని నాలందా కళాశాల ఉపాధ్యాయుడు ఎ.టి. అరియరత్నె (1931–2024) తన విద్యార్థులతో, సహోపాధ్యాయులతో కనతోలువ అనే గ్రామంలో శ్రమదాన శిబిరం నిర్వహించారు. అది సమాజం వెలివేసిన రొడి కులస్థుల గ్రామం. తొలి శిబిరం దాటినది కులపు గోడను. అనంతర కాలంలో ఉద్యమం తమిళ హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు నివసించే గ్రామాలకు కూడా విస్తరించింది. ‘సర్వోదయ’ అనే పేరు గాంధీజీ నుండి వచ్చినది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూదానాన్ని ఆరంభించిన వినోబా భావేను కూడా అరియరత్నె కలుసుకొని స్ఫూర్తి పొందారు. అయితే ఆయన సర్వోదయానికి ‘సర్వుల మేల్కొలుపు’ అనే బౌద్ధ వివరణనిచ్చారు.

శిబిరంలో నాలుగు సంగ్రహవస్తువులూ ఆచరణరూపం దాల్చుతాయి. దానం అంటే ఇక్కడ శ్రమ, సమయం, పనిముట్లు, వంటకు కావలసిన దినుసులు. గ్రామస్థులు కూడా ఇచ్చేవారే కనుక పుచ్చుకొంటున్నామనే చిన్నతనం వారికి కలగదు. ప్రియవచనం కుటుంబ సమావేశంలో వినవస్తుంది. అందులో పాల్గొనేవారు పరస్పరం బంధువాచకాలతోనే పిలుచుకొంటారు. ‘అమ్మ’, ‘అక్క’ అనే మాటలు సింహళంలోనూ తమిళంలోనూ ఒక్కటే కావడం గమనార్హం. అవి మన తెలుగు మాటలు కూడా. అర్థచర్య అంటే బాట, బావి, కాలువ వంటి అవసరమైన పని. ఆ అవసరాన్ని గ్రామస్థులే నిర్ణయించాలి. సమానత్తత అంటే విద్యార్థి, రైతు, అధికారి ఒకే వరుసలో మట్టితట్టలు అందించుకోవడం, ఒకే చోట భుజించడం.

వీటిలో సమానత్తతయే కీలకమని మా అభిప్రాయం. మతసామరస్య సభలో ప్రతి యువకుడు తన మతానికి ప్రతినిధిగా కూర్చొంటాడు. మాటలో తడబడితే తన వారినందరినీ తగ్గించినట్లవుతుందని భయపడతాడు. బావి త్రవ్వే చోట అతనికి ఆ భారం లేదు. పక్కవాని చేతిని నమ్మక తప్పదు. ఆ నమ్మకం ఏర్పడిన పిమ్మట విశ్వాసాలను గూర్చిన ప్రశ్నలు సహజంగా వస్తాయి; వాటికి సమాధానాలు కూడా నిదానంగా వస్తాయి.

ఈ మార్గానికి పరిమితులున్నాయి. 1983 జూలైలో తమిళులపై సాగిన దారుణ హింసను పాతికేళ్ల శ్రమదానం నివారించలేకపోయింది. ఉద్యమం గ్రామజీవితాన్ని ఆదర్శీకరించి చూసిందని రిచర్డ్ గోంబ్రిచ్, గణనాథ్ ఒబేయశేఖర 1988లో వెలువడిన తమ గ్రంథంలో విమర్శించారు. మరొక చిక్కు కూడా ఉన్నది. బౌద్ధ పరిభాష సింహళ గ్రామంలో స్వంత ఇంటి మాట. ముస్లిం యువకునికి అది పరుల ఇంటి ఆహ్వానంగా తోచవచ్చు. అధిక సంఖ్యాకుల చిహ్నాలే వేదికను నింపితే దానం మిగులుతుంది, సమానత్తత తొలగిపోతుంది. అన్ని మతాల ప్రార్థనలకు చోటు కల్పించడం అవసరమే కాని చాలదు. ఏ పని చేయాలి, ఎప్పుడు చేయాలి అనే నిర్ణయంలో అందరికీ భాగముండాలి.

భిక్షువుల పాత్రను ఇక్కడ వినయదృష్టితో పరిశీలించాలి. నేలను త్రవ్వడం, త్రవ్వించడం భిక్షువులకు పాచిత్తియ దోషం. కావున వారి సేవ పలుగుతో కాదు. అన్ని మతాల పెద్దలను ఒకచోట చేర్చడం, కలహం తలెత్తినప్పుడు ప్రియవచనాన్ని నిలపడం వారికి తగిన కార్యాలు.

భట్టిప్రోలు, ఘంటసాల, అమరావతి వంటి ప్రాచీన బౌద్ధస్థలాల చెంత నేడు జీవించే ప్రజలు వివిధ మతాలవారు. అక్కడ యువజన కార్యక్రమం తలపెట్టే పరిశోధకులు స్తూపంపై పలుగు వేయించరాదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. త్రవ్వకం నిపుణుల పని. యువతకు తగినవి గ్రామపు చెరువుగట్టు, నీటికాలువ, బడికి పోయే బాట. ఆ నీటిని అన్ని ఇళ్లవారూ త్రాగుతారు. ఆ బాటపై అన్ని ఇళ్ల పిల్లలూ నడుస్తారు. ఆ పనిలో కలిసిన చేతులు ఊరి చివరి స్తూపాన్ని కూడా తమ అందరిదిగా కాపాడుకోగలవు.