పరదేశంలో భయం

పరిచయం లేని దేశానికి విహారార్థం వెళ్ళిన యువతీయువకులు అక్కడ ఆపదలో చిక్కుకోవడం ఇతివృత్తంగా గల భయానక చిత్రాలు ఇరవై ఒకటవ శతాబ్దపు తొలి దశకంలో విరివిగా వచ్చాయి. ‘హాస్టల్’ (2005), ‘వుల్ఫ్ క్రీక్’ (2005), ‘టురిస్టాస్’ (2006) వీటిలో పేరు పొందినవి. కథాక్రమం దాదాపు ఒక్కటే. ప్రయాణం ఉల్లాసంగా ఆరంభమవుతుంది. నడుమ ఏదో ఒక ప్రలోభమో, అంతరాయమో ఎదురవుతుంది. కారు కదలదు, లేదా బస్సు ప్రమాదానికి లోనవుతుంది. అప్పుడు చిరునవ్వుతో ఎవరో ఆదుకోవడానికి వస్తారు. అసలు ప్రమాదం ఆ చిరునవ్వులోనే ఉంటుంది.

ఈ కథకు మూలం పాతదే. ఐరిష్ రచయిత బ్రామ్ స్టోకర్ 1897లో వెలువరించిన ‘డ్రాక్యులా’ నవలలో జోనాథన్ హార్కర్ అనే యువ న్యాయవాది వృత్తిరీత్యా ట్రాన్సిల్వేనియాకు వెళ్ళి, ఆతిథ్యమిచ్చిన ప్రభువు కోటలోనే బందీ అవుతాడు. స్టోకర్ ఆ ప్రాంతాన్ని ఎన్నడూ చూడలేదు. ‘హాస్టల్’ కథ స్లొవేకియాలో జరిగినట్లు చూపినా, చిత్రీకరణ సాగింది చెక్ రిపబ్లిక్‌లో. తమ దేశాన్ని నరహంతకుల నిలయంగా చిత్రించారని స్లొవేకియా అధికారులు ఆక్షేపించారు. వారి ఆక్షేపణ న్యాయమైనదే. చూడని దేశానికి దుర్మార్గాన్ని అంటగట్టడం ఈ ప్రక్రియకు పుట్టుకతో వచ్చిన దోషం.

మన సాహిత్యంలో దీనికి దగ్గరగా వచ్చే ఘట్టం అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుని హిమాలయ యాత్ర. మనుచరిత్ర శృంగార ప్రధానమైన ప్రబంధం. అందులో భయానకాన్ని వెదకడం సాహసమే. అయినా ప్రవరుని స్థితిని ఒక్కసారి పరిశీలించండి. వయసులో ఉన్న గృహస్థు. దేశాలు చూడాలన్న కోరిక బలమైనది, అనుభవం శూన్యం. ఇంటికి వచ్చిన సిద్ధుడు పాదాలకు పసరు పూయగానే హిమగిరికి చేరాడు. మధ్యాహ్నపు ఎండకు కరిగిన మంచు ఆ లేపాన్ని కడిగివేసింది. లేపం పోతే ఏమి చేయాలన్న ఆలోచన బయలుదేరేముందు అతనికి కలగలేదు! దారి చెప్పమని వరూధినిని అర్థించాడు. ఆమె క్రూరురాలు కాదు, సౌందర్యవతి; కానీ దారి మాత్రం చెప్పదు. ఇంటివద్ద వృద్ధులైన తల్లిదండ్రులు, తప్పిపోతున్న అగ్నికార్యం అతని మనసులో మెదులుతాయి. తిరుగుదారి లేకపోవడమే అతణ్ణి వణికించింది. చివరకు అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరాడు.

ప్రత్తి, మిరప పండించే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పిల్లల విదేశీ చదువుకోసం పొలం తాకట్టు పెట్టిన కుటుంబాలు ఉన్నాయి. వారికి తిరుగుదారి అంటే విమానపు టిక్కెట్టు ఒక్కటే కాదు, తీర్చవలసిన అప్పు కూడా. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయంపై వీసా మోసం ఆరోపణతో దాడి జరిగినప్పుడు అక్కడి విద్యార్థులలో అధిక సంఖ్యాకులు తెలుగువారు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించారు. 2019లో మిషిగాన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అమెరికా వలస అధికారులే వల పన్ని సృష్టించిన బూటకమని వెల్లడైంది. విద్యార్థులకు సంగతి తెలుసునని అధికారులు, తెలియదని విద్యార్థుల పక్షంవారు వాదించారు. ‘హాస్టల్’ కథకు మరింత దగ్గరగా వచ్చేది కంబోడియా ఉదంతం. కంప్యూటర్‌లో వివరాలు నమోదు చేసే ఉద్యోగమని నమ్మి వెళ్ళిన యువకులు అక్కడ నిర్బంధంలో సైబర్ మోసాలు చేయవలసి వచ్చిందని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. వారిని పంపిన ఏజెంట్లు పరాయివారు కారు, విశాఖ ప్రాంతంవారే.

సినిమాలో భయం పరాకాష్ఠకు చేరేది హంతకుడు కనిపించినప్పుడు కాదని నా అభిప్రాయం. మొరపెట్టుకోవడానికి ఎవరూ లేరని తెలిసినప్పుడు. ‘హాస్టల్’లో పోలీసులు సైతం నేరగాళ్ళ సొమ్ము తిన్నవారే. ఈ భయాన్ని మన తీరం ఏనాడో ఎరుగును. నాటి ప్రకాశం జిల్లాలోనూ, 2022 నుంచి బాపట్ల జిల్లాలోనూ ఉన్న మోటుపల్లి మధ్యయుగంలో గొప్ప రేవు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సమస్తాన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. అంటే ఆపన్నుణ్ణి దోచినవాడు సాక్షాత్తూ ఆ నేలను ఏలినవాడే! కాకతీయ గణపతిదేవుడు 1244లో ఇక్కడ అభయశాసనం వేయించాడు. ప్రాణంకన్న ధనమే మిన్న అనుకొని సముద్రయానానికి సాహసించినవారిపై దయతో, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని పరదేశ వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ శాసనస్తంభం మోటుపల్లి వీరభద్రాలయంలో ఉంది. కాకతీయ రాజ్యం 1323లో పతనమైంది. రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అదే రేవులో వర్తకులకు మళ్ళీ అభయమిస్తూ మరొక శాసనం వేయించవలసి వచ్చింది.